నల్ల చిక్కుడు గింజ

ఇటలీ దేశంలో వాల్దోరా అని ఒక మహానగరం. దాన్ని ఏలే డ్యూకు ఎర్కోలే గారికి ఒకనాటి విందులో ముద్ద దిగలేదు. కారణం, పక్కన కూర్చున్న పొరుగు నగరం మేయరు.

"నన్ను మా జనం ఎన్నుకున్నారు. తమర్ని ఎవరు ఎన్నుకున్నారు?" అని అడిగాడాయన.

"మా నాన్నగారు," అన్నారు డ్యూకు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు.

ఇంటికి రాగానే డ్యూకుగారు చాటింపు వేయించారు. వాల్దోరాలోనూ ఎన్నికలు జరుగుతాయి. నలభై పేటలూ నలభై మంది సభ్యుల్ని నగర సభకు పంపాలి. ఆ సభ మేయర్ని ఎన్నుకోవాలి. మేయరు పదవికి డ్యూకుగారే నిలబడతారు. ఎవరిని ఎన్నుకోవాలా అని తల బద్దలు కొట్టుకునే శ్రమ జనానికి తప్పింది.

ముప్పై తొమ్మిది పేటల్లో డ్యూకుగారి బావమరదులూ, ఆయన తానా అంటే తందానా అనేవాళ్లూ పోటీ లేకుండా గెలిచారు. రొట్టెల వీధిలో మాత్రం పొయ్యిల వేడికి జడిసి వాళ్లెవరూ నిలబడలేదు. అక్కడివాళ్లు తమకు నచ్చిన మనిషిని, రొట్టెలు కాల్చే బెర్తోను పంపారు. పాపం, వాళ్లు దాన్ని నిజం ఎన్నిక అనుకున్నారు.

మేయరు పదవికి ఎదురు ఎవరూ లేకపోతే పొరుగువాడు మళ్లీ నవ్వుతాడని, సభ్యుల్లో ఒకడైన మంత్రి గాస్పారోను పోటీకి నిలబెట్టారు. ఓడిపోవడానికే నిలబడ్డ గాస్పారో అందుకోసం కొత్త పట్టు అంగీ కుట్టించుకున్నాడు. ఓడినప్పుడు ముఖం ఎలా పెట్టాలో అద్దం ముందు వారం రోజులు సాధన చేశాడు.

డ్యూకుగారికైతే తెల్ల చిక్కుడు గింజ, గాస్పారోకైతే నల్లది. గుడ్డ కప్పిన కూజాలో చెయ్యి పెట్టి తలా ఒక గింజ వేయాలి. నలభై మంది సభ్యులూ వేశారు. డ్యూకుగారూ ఊరివారే గనుక ఆయనా వేశారు.

కూజా పట్టుకుని నిలబడ్డది ద్వారపాలకుడు తాద్దెయో. తలుపు తీయడం అతని ఉద్యోగం. ఇరుక్కున్నవాళ్లకు దారి చూపడం అతని అలవాటు.

కూజా వంచారు. నలభై తెల్లవి, ఒక్కటి నల్లది.

మామూలు మనిషైతే నలభై చూసి మురిసిపోయేవాడు. డ్యూకుగారు ఆ ఒక్కదాన్నే చూశారు.

"ఎవడు వాడు?"

అందరి కళ్లూ గాస్పారో మీద పడ్డాయి. నల్ల గింజ అతని పేరుదే కదా! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అతను ఎగిరి లేచాడు.

"ప్రభూ! పోటీలో నిలబడి నా గింజ నేనే వేసుకునేంత సిగ్గుమాలినవాణ్ణా? మర్యాద తెలిసినవాడు ఎదుటివాడికే వేస్తాడు. నేను తమకే వేశాను!"

"బాగా చెప్పావు," అన్నారు డ్యూకు.

ఆ మెప్పుతో గాస్పారోకు ఊపు వచ్చింది. "ఇది ఆ రొట్టెలవాడి పనే ప్రభూ! వాళ్ల వీధి కాలువను తమ తోటలోని ఫౌంటెనుకు మళ్లించినప్పుడు నోరు చేసుకున్నది వీడే!"

బెర్తో లేచి నిలబడ్డాడు. గోళ్ల సందుల్లో ఇంకా పిండి ఉంది. "పిండి కలుపుకోవడానికి నీళ్లడిగాను ప్రభూ. ఇప్పుడు మా ఆడవాళ్లు రోజూ నది నుంచి మోస్తున్నారు."

"గింజ సంగతి చెప్పు! నువ్వేనా?"

"చెప్పనక్కర్లేకుండా ఉండాలనే కదా ప్రభూ, గుడ్డ కప్పింది!"

డ్యూకుగారి ముఖం కందగడ్డయింది. "వీడి పొయ్యి పగలగొట్టండి! సాయంత్రానికల్లా పెళ్లాం పిల్లలతో సహా ఊరు దాటించండి!"

అంతమంది పెద్దమనుషులూ తల వంచుకుని తమ ఉంగరాలు చూసుకున్నారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

తాద్దెయో కూజా కింద పెట్టి దగ్గాడు. "ప్రభూ, ముందు మంత్రిగారిని ఒక్క మాట అడగనిస్తారా?"

"అడుగు."

"మంత్రిగారూ, పోటీలో నిలబడి తన గింజ తనకే వేసుకునేవాణ్ణి ఏమన్నారు?"

"సిగ్గుమాలినవాడు అన్నాను!"

"వాడు ఎంతటివాడైనా?"

"ఎంతటివాడైనా సరే!" అన్నాడు గాస్పారో, రొమ్ము విరుచుకుని.

తాద్దెయో డ్యూకు వైపు తిరిగి వంగి దండం పెట్టాడు.

"అయితే ప్రభూ, ఆ నల్ల గింజ తమరిదే."

సభ్యులంతా ఒక్కసారిగా డ్యూకు వైపు తిరిగారు.

"నిలబడ్డది ఇద్దరు," అన్నాడు తాద్దెయో. "మంత్రిగారు మర్యాదగా తమకు వేశారు. మర్యాదలో తమరు ఆయనకు తీసిపోతారా? కాదని ఒక్క మాట సెలవివ్వండి, బెర్తోను నేనే ఊరు దాటిస్తాను."

డ్యూకుగారు నోరు తెరిచారు. కాదంటే, తన గింజ తనకే వేసుకున్నట్టు నిండు సభలో ఒప్పుకోవాలి. తెరిచిన నోరు మూశారు. మీసం సవరించుకున్నారు.

"నాదే," అన్నారు చివరికి.

చప్పట్లతో కప్పు అదిరింది. తనకు ఓటేసిన ప్రభువును తలుచుకుని గాస్పారో కళ్లు తుడుచుకున్నాడు.

డ్యూకుగారు తాద్దెయోను దగ్గరికి పిలిచి చెవిలో అన్నారు: "ఒరేయ్, నేను వేసింది తెల్లదేరా."

"ఆ సంగతి అందరికీ తెలుసు ప్రభూ. కానీ పైకి అనే ధైర్యం ఈ సభలో ఒక్కడికే ఉంది. అతను నల్లది వేసినవాడు."

డ్యూకుగారు ఒక క్షణం ఉరిమి చూశారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే వేలి ఉంగరం తీసి ఇవ్వబోయారు.

"ఉంగరం వద్దు ప్రభూ," అన్నాడు తాద్దెయో, ఈసారి అందరికీ వినబడేలా. "పోటీదారుకే ఓటిచ్చిన చెయ్యి, రొట్టెల వీధికి వాళ్ల నీళ్లు ఇవ్వలేదా?"

"ఇచ్చాం పో! కాలువ ఇవాళే తిప్పండి!" అన్నారు డ్యూకు, నవ్వు ఆపుకోలేక.

బెర్తో ఒక్క అంగలో గుమ్మం దాటాడు. ప్రభువు నవ్వుతున్నాడు గనుక సభంతా నవ్వింది. దేనికో తెలియకుండానే గాస్పారో అందరికంటే గట్టిగా నవ్వాడు.