ఏడు గుర్రాల గోడ

వరదాచార్యులుగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే సమాధానం చెప్పరు, పని చెబుతారు. ఆత్మ అంటే ఏమిటని అడిగిన పోస్టుమాస్టరుగారి అల్లుడి చేత బావిలో పడ్డ చెంబు తీయించారు. కోపం ఎలా తగ్గుతుందని అడిగిన బస్సు కండక్టరు చేత ఒక పూటంతా చిక్కుపడ్డ నూలు విప్పించారు. చెంబు దొరికింది, నూలు చిక్కు వీడింది. జ్ఞానం సంగతి మాత్రం వాళ్లిద్దరూ ఇంతవరకు బయటపెట్టలేదు. అయినా మల్లెలపాలెంలో ప్రతి శనివారం సాయంత్రం ఆయన అరుగు మీద పదిమందికి తక్కువ కాకుండా చేరుతూనే ఉంటారు. ఆయన భార్య ఇచ్చే మజ్జిగ బాగుంటుందన్న మాట కూడా ఉంది.

ఆ శనివారం ప్రశ్న అడిగినవాడు విత్తనాల కొట్టు కోటిలింగం.

"గురువుగారూ, నాకు తెలిసిన ఒకాయన కొత్త ఇల్లు కట్టుకున్నాడు. కొత్త ఇంట్లో పోయిన మనిషికి చోటుంచాలా, అక్కర్లేదా? ఉంచితే ఉన్నవాళ్లు బాధపడతారు, తీసేస్తే పోయినవాళ్లకు అన్యాయం చేసినట్టుంటుంది. ఆయన ఏం చెయ్యాలంటారు?"

తెలిసిన ఆ ఒకాయన ఎవరో అరుగు మీద అందరికీ తెలుసు. మల్లెలపాలెంలో ఈ ఏడాది కొత్త ఇల్లు కట్టుకున్నది కోటిలింగం ఒక్కడే.

కోటిలింగం మొదటి భార్య కుసుమ పోయి నాలుగేళ్లయింది. హైమావతిని చేసుకుని రెండేళ్లయింది. కుసుమ కూతురు లహరి ఎనిమిదో తరగతి చదువుతోంది. పాత ఇంట్లో కుసుమ ఫోటో ముందుగదిలో ఉండేది. లహరి చదివినా, తిన్నా దాని కిందే కూర్చునేది.

కొత్త ఇంటికి సామాను ఎంచడంలో కోటిలింగం చూపిన శ్రద్ధ ఊరంతా చూసింది. ముగ్గురున్న ఇంటికి ఏడుగురు కూర్చునే సోఫా ఒంగోలు నుంచి తెప్పించాడు. మాసిపోతుందని ప్లాస్టిక్ కవరు తీయనివ్వలేదు. దాని మీద ఎవరు కూర్చున్నా వీధి చివరి వరకు అప్పడం నమిలినట్టు వినిపిస్తుంది. అద్దం బల్ల ఉన్న డైనింగ్ టేబులు కొన్నాడు. గీతలు పడతాయని ముగ్గురూ దాని పక్కన నేల మీద కూర్చుని తింటారు. ఇక ముందుగది గోడకు ఏడు తెల్ల గుర్రాలు పరిగెత్తే పెద్ద పటం. ఆ గుర్రాలు ఇంట్లోకి పరిగెత్తాలా, బయటికి పరిగెత్తాలా అన్న విషయం మీద ఊళ్లో రెండు వారాలు చర్చ నడిచింది. లోపలికే అని సర్పంచిగారి భార్య, బయటికే అని వడ్రంగి వీరబ్రహ్మం. వాళ్లిద్దరి ఇళ్లలోనూ గుర్రాల్లేవు. చివరికి సర్పంచిగారి భార్య మాటే నెగ్గింది. కోటిలింగం మళ్లీ ఒంగోలు వెళ్లి పటం మార్చి తెచ్చాడు. ఇప్పుడు గుర్రాలు తిన్నగా వంటింట్లోకి పరిగెడుతున్నాయి.

గృహప్రవేశం నాడు చూస్తే కుసుమ ఫోటో ఏ గోడకూ లేదు. హైమావతే తీయించిందని భోజనాల మొదటి పంక్తిలో అనుకున్నారు. రెండో పంక్తికి ఫోటో చెత్తకుప్పలో పడింది. మూడో పంక్తికి పొయ్యిలోకి చేరింది. ఆ పంక్తికి పెరుగు వడ్డిస్తున్నది హైమావతే. విన్నదో లేదో తెలియదు. ఇంకొంచెం వెయ్యమంటారా అని మాత్రం అడిగింది. వేయించుకున్నారు.

తీసినవాడు కోటిలింగం. కొత్త ఇంట్లో మొదటి రోజు నుంచీ ఇంకొకరి బొమ్మ చూస్తూ హైమావతి ఎందుకు బతకాలని అతని ఆలోచన. గుర్రాలు ఎటు పరిగెత్తాలో ఊరందరినీ అడిగినవాడు ఈ ముక్క ఇంట్లో ఎవరినీ అడగలేదు. ఫోటోను గోనెసంచిలో చుట్టి కొట్టు అటక మీద పెట్టేశాడు.

లహరి ఆ పంక్తుల మాటే నమ్మింది. ఆ రోజు నుంచి హైమావతిని పిన్నీ అని పిలవడం మానేసింది. కావలసినవి గోడకేసి చెప్పేది. పప్పులో ఉప్పు తక్కువైందని గుర్రాలతో చెబితే హైమావతి ఉప్పు తెచ్చి వేసేది. మూడు నెలలు ఇలా గడిచాయి. నేనే తీశానమ్మా అని కూతురితో చెబుదామని కోటిలింగం నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాడు. నాలుగుసార్లూ ఆ పిల్ల దగ్గుమందు తెచ్చిచ్చింది.

అందుకని ప్రశ్న అరుగు మీదికి వచ్చింది.

ఆచార్యులుగారు విన్నారు. "నీ స్కూటర్లో పెట్రోలుందా లింగం?" అన్నారు.

"ఉంది గురువుగారూ."

"అద్దంకిలో మస్తాన్ దగ్గర మా గురువుగారి పటం ఇచ్చాను, చెమ్మ పట్టిందని. రేపు పొద్దున్న వెళ్లి తెచ్చుకుందాం."

తక్కినవాళ్లు మజ్జిగ తాగి లేచారు.

మస్తాన్‌ది పటాలు కట్టే కొట్టు. దేవుళ్లు, పెళ్లికొడుకులు, పోయినవాళ్లు అక్కడ ఒకే గోడకు ఆనుకుని నిలబడి ఉంటారు. ఆచార్యులుగారు ఇచ్చిన పటాన్ని మస్తాన్ తీసి తుడుస్తుంటే ఆయన ఆ వెనక ఉన్నదాన్ని అప్పుడే చూసినట్టు చూశారు.

"అదెవరిది మస్తానూ?"

మస్తాన్ దాన్ని ముందుకు జరిపాడు. కుసుమ. టేకు చట్టంలో, కొత్త అద్దం వెనక, పెళ్లైన కొత్తలో తీయించుకున్న ఫోటోలో ఉన్న కుసుమ. కోటిలింగం వంగి చూశాడు.

"మీ ఊరామెదే స్వామీ. కొట్టు అటక దులుపుతుంటే గోనెలో దొరికిందంట. పాత చట్టం ఎలకలు కొరికేసినయ్యి. ఏ మారాజమ్మా దీన్ని ఎలకలకి అప్పజెప్పింది అన్నాన్నేను. ఆమె నవ్వి, 'అట్టా అనబాక మస్తానూ, చూసి తట్టుకోలేక పెట్టుంటారు' అంది." మస్తాన్‌కు కోటిలింగం ఎవరో తెలియదు. ఆచార్యులుగారు పరిచయం చేయలేదు. "చట్టం దగ్గర మాత్రం నన్ను చంపేసింది. వాళ్లింట్లో గుర్రాల పటమేదో ఉందంట, దాని చట్టం మందం దారంతో కొలుచుకొచ్చింది. ఇంతకంటే సన్నంది వేస్తే తీసుకోను అంది."

"ఇంకేమంది?"

"దండ వేసే పటమైతే పైన రెండు కొక్కేలు కొడతా గదా స్వామీ. అందుకని అడిగా, ఈమె మీకేమవుతారమ్మా అని. నోటితో చెప్పలా. మెళ్లో తాళి బయటికి తీసి, దాంట్లో చిన్న బంగారు బిళ్ల చూపించింది. నాకేం అర్థమవుద్ది? పక్కన పూల కొట్టు ఆదిలక్ష్మి చెప్పింది. రెండో పెళ్లికి వచ్చినామె, ముందు పోయినామె పేరున బిళ్ల చేయించుకుని తాళితోపాటు వేసుకుంటుందంట గదా."

ఆ బిళ్ల చేయించమని పట్టుబట్టింది కోటిలింగం అక్క. ఆవిడకు తోడుగా కంసాలి దగ్గరికి వెళ్లి కూర్చున్నది కోటిలింగమే. రెండేళ్లలో ఆ సంగతి అతనికి ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

"మరి తీసుకెళ్లలేదేం?" అన్నారు ఆచార్యులుగారు.

"తయారై ఇరవై రోజులైంది. ఇంట్లో ఆయన అడిగిన రోజు వచ్చి పట్టుకెళ్తా, నా అంతట నేను తెచ్చి పెడితే ఆయన్ని పొడిచినట్టుంటుంది అంది. ఆ మహానుభావుడెవరో అడిగేట్టు లేడు స్వామీ."

"అడుగుతాడులే," అన్నారు ఆచార్యులుగారు. రెండు పటాలూ ఒళ్లో పెట్టుకుని స్కూటరెక్కారు.

ఊరి మొదట్లోనే చూడవలసినవాళ్లు చూశారు. పొయ్యిలో కాలిపోయిన ఫోటో స్కూటరు మీద తిరిగి రావడం గురించి మల్లెలపాలెంలో ఎవరూ సంజాయిషీ ఇచ్చుకోలేదు. సోఫా ఎలా ఉందో మళ్లీ ఒకసారి చూసిపోదామని మాత్రం ఆరుగురు వెంట వెళ్లారు.

హైమావతి చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, ఆచార్యులుగారి చేతిలో ఉన్నది చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. కోటిలింగం గొంతు సవరించుకున్నాడు. లహరి పుస్తకం మూసి దగ్గుమందు కోసం లేచింది.

"మందొద్దమ్మా," అన్నాడు. "అమ్మ ఫోటో తీసింది నేను. పిన్ని కాదు. నేను దాన్ని పాడుచేశాను, పిన్ని బాగుచేయించింది."

కొట్టులో యూరియా గురించి తప్ప, తెలిసిన ఒకాయనను అడ్డుపెట్టకుండా అతను అంతసేపు మాట్లాడగా ఎవరూ వినలేదు. సోఫా చూడ్డానికి వచ్చినవాళ్లు సోఫా చూడటం మొదలుపెట్టారు.

లహరి తండ్రిని చూసింది. తర్వాత హైమావతిని చూసింది. "మరి నువ్వు నాకు చెప్పొచ్చుగా," అంది.

"చెబితే మీ నాన్నతో కూడా మాట్లాడటం మానేసేదానివి," అంది హైమావతి. "ఈ ఇంట్లో గుర్రాలు ఎంతమందితోనని మాట్లాడతాయి?"

పిల్లకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పడం కష్టం. ముఖం పుస్తకం వెనక పెట్టుకుంది.

"ఏ గోడకు పెడదాం హైమా?" అన్నాడు కోటిలింగం. ఆ ఇంటి సామాను గురించి ఆమెను అడిగిన మొదటి ప్రశ్న అది.

"కొత్తగా కొట్టడమెందుకండీ? మేకుందిగా," అందామె. స్టూలు లాక్కుని, చెంగు దోపుకుని ఎక్కి, గుర్రాల పటాన్ని కిందికి దించింది. కోటిలింగం దాన్ని అందుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక సోఫాలో పెట్టాడు. సోఫా నిండటం అదే మొదటిసారి.

ఆచార్యులుగారు కుసుమ పటాన్ని పైకి అందించారు. హైమావతి మునివేళ్ల మీద లేచి మేకుకు తగిలిస్తోంది. కాలొకటి పొట్టిదైన ఆ స్టూలు ఊగుతుంటే కోటిలింగం వంగి పట్టుకున్నాడు.

"పిన్నీ, కొంచెం ఎడమకి," అంది లహరి. ఈసారి గోడతో కాదు.

హైమావతి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత పటం కొంచెం ఎడమకు జరిగింది. జరుపుతుంటే ఆమె మెళ్లో తాళి జారి బయటికొచ్చి, దానితోపాటు ఆ చిన్న బిళ్ల గాలిలో ఊగింది. కోటిలింగం కింద నుంచి తలెత్తి దానికేసి చూస్తూ ఉండిపోయాడు.

"గురువుగారూ," అన్నాడు, "నేను నిన్న అడిగినదానికి..."

"ముందు స్టూలు గట్టిగా పట్టుకో లింగం," అన్నారు ఆచార్యులుగారు. "పైన ఇద్దరున్నారు."