కోటిలింగం చెవిలో కీచురాయి

సాంబయ్యగారిని ప్రశ్న అడిగినవాళ్ళకి ముందుగా కాళ్ళు నొప్పి పుట్టేవి. జవాబు ఆ తరవాతెప్పుడో దొరికేది. అడగ్గానే ఆయన అవుననీ అనేవారు కాదు, కాదనీ అనేవారు కాదు. కండువా భుజాన వేసుకుని, "పద, అలా వెళ్ళొద్దాం" అని లేచేవారు. కూర్చోబెట్టి వాదించే గురువులు కావాలంటే దేశంలో బోలెడుమంది ఉన్నారు, వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చు. ఈయన దగ్గర చేరినవాళ్ళకి మాత్రం నడక తప్పేది కాదు.

ఆశ్రమం అనడమే గానీ, అది దేవరపేటలో నేతగాళ్ళ వీధి చివర ఒక పెంకుటిల్లు. పెరటి గదుల్లో కొద్దిమంది శిష్యులు ఉండేవారు. వాళ్ళలో కోటిలింగం నెమ్మదస్తుడు. రోజూ సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుని పురాణం చదివి అర్థం చెప్పేవాడు. అతని గొంతు వినడానికే ఆడవాళ్ళు వంటలు త్వరగా ముగించుకుని వచ్చేవారు. అలాంటివాడికి ఆ మాఘమాసంలో జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ ఎడమ చెవిలో ఒక కీచురాయిని వదిలిపెట్టి పోయింది. సన్నగా, తెంపు లేకుండా, పగలూ రాత్రీ ఒకటే రొద.

ఈ మాట ఇంకెక్కడైనా చెప్పుకుని ఉంటే, ఎవరో ఒకరు డాక్టరు దగ్గరికి వెళ్ళమనేవారు. కానీ ఇది యోగం నేర్చుకునే చోటాయె. పెద్ద శిష్యుడు పట్టాభి వింటూనే తేల్చేశాడు. "నాయనా, ఇది రోగం కాదు, యోగికి లోలోపల వినబడే అనాహత నాదం. మొదట కీచురాయి, తరవాత గంట, ఆ పైన శంఖం. నీకు మొదటి మెట్టు అందింది" అని అందరి ముందూ కోటిలింగం కాళ్ళకి దణ్ణం పెట్టాడు. మధ్యాహ్నానికల్లా వీధంతా పాకిపోయింది. కొబ్బరికాయలు వచ్చాయి. ఒకాయన ఏకంగా కోటిలింగం చెవికి తన చెవి ఆనించి, తనకీ లీలగా వినబడిందని ఒట్టేశాడు. మనిషన్నాక పొగడ్త చేదుగా ఉంటుందా? కోటిలింగానికీ కొన్నాళ్ళు తియ్యగానే ఉంది. నాదం పండాలంటే నిశ్శబ్దం కావాలని పట్టాభి చెబితే, ధాన్యం గదిలో దూరి, కిటికీకి గోనె కట్టుకుని, చెవుల్లో దూది కుక్కుకుని కూర్చున్నాడు. నూతి గిలక కీచుమంటోందని అది కూడా తీయించాడు. మిగతావాళ్ళు పాపం ఒట్టి తాడుతో నీళ్ళు చేదుకున్నారు.

గంట మోగలేదు. శంఖమూ పలకలేదు. చుట్టూ నిశ్శబ్దం పెరిగేకొద్దీ కీచురాయే పెరిగి తలంతా పాకింది. తెల్లారి లేస్తూనే ఉందా పోయిందా అని వెతుక్కునేవాడు. వెతికిన మరుక్షణం అది ఉండేది. నిద్ర కరువైంది, తిండి సయించలేదు. పురాణం చదవబోతే మాటకీ మాటకీ మధ్య అది దూరేది. ఒకనాడు పద్యం సగంలో ఆపి, పుస్తకం మూసేసి, జనం చూస్తుండగానే లేచిపోయాడు. ఆ తరవాత అతని బదులు పట్టాభి చదవసాగాడు, వినలేక జనం పలచబడ్డారు. తను బతికి చేస్తున్న ఒక్క మంచి పనీ చేజారిపోయిందని కోటిలింగానికి దిగులు పట్టుకుంది. దేవుడిచ్చిందే అయితే ఇంత హింసేమిటి, రోగమే అయితే ఇన్ని దణ్ణాలు ఏ ముఖంతో పెట్టించుకున్నాను అని సిగ్గుతో కుమిలిపోయాడు. చివరికి ఎవరికీ చెప్పకుండా పట్నం వెళ్ళి చెవి చూపించుకున్నాడు. డాక్టరు పరీక్షలన్నీ చేసి, ప్రాణభయం ఏమీ లేదనీ, ఇది పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేననీ, అలవాటు పడితే బాధ తగ్గుతుందనీ చెప్పాడు. అలవాటు పడటం ఎలాగో అడిగేలోగా తరవాతి రోగి లోపలికి వచ్చేశాడు.

అమావాస్య నాడు మధ్యాహ్నం, గురువుగారి ముందు కూర్చుని కోటిలింగం అడిగాడు. "అయ్యా, ఇది దేవుడో దయ్యమో నాకు అక్కర్లేదు. దీన్ని ఆపే దారి ఉంటే చెప్పండి. లేదంటే సెలవిప్పించండి, ఎటైనా పోతాను. ఇలాగైతే నా వల్ల కాదు."

పట్టాభి ఏదో అనబోయాడు. సాంబయ్యగారు అటు చూడకుండానే కండువా అందుకున్నారు.

అమావాస్య నాడు నేతగాళ్ళు నాడె ముట్టరు, నేత మానేస్తారు. మామూలు రోజుల్లో ఆ వీధిలో పక్కవాడికి మాట వినబడాలంటే గొంతు పెంచాలి. ఆ రోజు మాత్రం మగ్గాలన్నీ పడుకున్నాయి. ఆకాశం మబ్బు పట్టి, వెలుగు ఎటునుంచి వస్తోందో తెలియకుండా ఉంది. గోడల వెంట ఆరేసిన నూలు చిలపలు ఎర్రగా, పచ్చగా, నీలంగా కదలకుండా వేలాడుతున్నాయి. అరుగుల మీద మగవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఒరిగి కునుకు తీస్తున్నారు. కోటిలింగానికి నేల మీద నడుస్తున్నట్టే లేదు, రంగునీళ్ళ అడుగున నడుస్తున్నట్టుంది. ఆ నీళ్ళలో కూడా కీచురాయి అరుస్తూనే ఉంది. మరికొంత దూరం వెళ్ళాక ఒక ఇంట్లోంచి టక్కు, టక్కు అని ఒంటరి మగ్గం చప్పుడు వినబడింది.

లోపల తిరుపతమ్మ అనే పడుచు ఇల్లాలు మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, మగ్గానికి వేలాడే చట్రాన్ని ఒంటిచేత్తో ముందుకీ వెనక్కీ ఊపుతోంది. మగ్గం మీద ఒక్క పోగైనా లేదు. పక్కనే చీర ఉయ్యాలలో ఆడపిల్ల, ఏడుపు ఆపాలా వద్దా అన్నట్టు మూలుగుతోంది.

"అమావాస్య నాడు మగ్గం ఎక్కావేమ్మా?" అన్నారు సాంబయ్యగారు.

"నేతేం లేదు అయ్యగారూ, పడుగు కూడా ఎక్కించలేదు. ఉత్తినే ఊపుతున్నా. ఈ చప్పుడు లేకపోతే చంటిదానికి నిద్ర పట్టదు. అమావాస్య వచ్చిందంటే నా చెయ్యి పడిపోతుంది."

"నువ్వెళ్ళి నీ పని చూసుకో. మావాడు ఊపుతాడు."

కోటిలింగం గుంటలోకి దిగాడు. మొదట చెయ్యి తిన్నగా ఆడలేదు, చప్పుడు తడబడేసరికి పిల్ల ఉయ్యాలలోంచి కోప్పడింది. మెల్లగా కుదిరింది. టక్కు, టక్కు. ఉయ్యాల చీర మీద నీలం పువ్వులు దగ్గరికొచ్చి దూరమయ్యాయి. పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయి. చూరు మీద చినుకులు పడ్డాయో, పడుతున్నట్టు అతనే అనుకున్నాడో. గోడవారనున్న నూలు కండెలు నదిలా సాగిపోతున్నట్టూ, ఆ నది ఒడ్డున ఎక్కడో కీచురాయి అరుస్తున్నట్టూ, అది అరుస్తోందా అని ఎవరూ తనని అడగనట్టూ ఉంది. పిల్ల మూసిన రెప్పలొక్కటే అతనికి కనిపిస్తున్నాయి.

కళ్ళు తెరిచేసరికి వెలుగు సన్నగిల్లింది. మగ్గం ఎప్పుడో ఆగిపోయింది. చట్రం మీద తలవాల్చి తను, ఉయ్యాలలో చంటిది, ఇద్దరూ నిద్రపోయారు. గడపలో తిరుపతమ్మ నవ్వు ఆపుకుంటోంది. "పిల్లని పడుకోబెట్టమంటే మీరే పడుకున్నారేంటి బాబాయిగారూ."

"ఉందా?" అన్నారు గడప బయటినుంచి సాంబయ్యగారు.

కోటిలింగం ఒక్క క్షణం చెవి పెట్టాడు. "ఉందండీ. అలాగే ఉంది" అన్నాడు. అన్నాక అతనికే ఆశ్చర్యమేసింది. అది ఉండగానే ఇంతసేపూ నిద్రపోయాడు. కళ్ళు చెమర్చాయి. తిరుపతమ్మ వైపు తిరిగి, "పుట్టినప్పటినుంచీ చంటిది ఇంతేనామ్మా?" అని అడిగాడు.

"ఇంకా నయం. కొత్తల్లో మగ్గం కదిలిందంటే చాలు, ఉలిక్కిపడి గుక్కపట్టేది. చూడలేక నేనూ ఏడ్చేదాన్ని."

"మరేం చేశారు?"

"ఏం చేస్తామండీ, మగ్గం ఆపితే పొయ్యి రాజుకోదు కదా. దీన్ని పక్కన వేసుకుని, పాలిస్తూ, కబుర్లు చెప్పుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు విసుక్కుంటూ నేస్తూనే ఉన్నాం."

"ఎప్పుడు మానింది ఏడుపు?"

తిరుపతమ్మ ఆలోచించింది. "ఏమోనండీ, అది ఎవరు చూశారు? ఒకనాడు తిరిగి చూస్తే పడుకుని ఉంది."

వాళ్ళు బయటికి వచ్చేసరికి వీధిలో దీపాలు పెడుతున్నారు. వీధి చివరినుంచి పట్టాభి గొంతు వినబడుతోంది, పద్యాన్ని తాటిమట్ట ఈడ్చినట్టు ఈడుస్తున్నాడు. కొంత దూరం నడిచాక కోటిలింగం, "ఇవాళ నేను చదువుతానయ్యా" అన్నాడు.

"మధ్యలో అది దూరితేనో?"

"దూరనివ్వండి. నేను చదువుతూనే ఉంటాను."

అరుగు దగ్గరపడుతోంది. శిష్యుడి మనసు ఇంకా ఊరుకోలేదు. "అయ్యా, ఒక్కటి చెప్పండి. ఇది నన్ను బాధించడం మానే రోజు వస్తుందా? వస్తే, వచ్చిందని నాకు తెలిసేదెలా?"

గురువుగారు నడక ఆపలేదు.

"ఆ చంటిదానికి తెలిసిందా, నాయనా?"