మసిబంతి ఇంట్లో చిటికి

ఒకప్పుడు పరమాణువులన్నీ తెగ గొప్పలు చెప్పుకునేవి. "మా ఇంట్లో అడుగుపెట్టిన ఎలక్ట్రాన్ మళ్లీ బయటికి పోదు" అని ప్రతి ఒక్కటీ అనేది. ఎవరి పట్టు ఎంతో కొలిచే దారి మాత్రం లేదు. నమ్మి లోపలికి వెళ్లాలి. తర్వాత ఏమైతే అది.

అలా నమ్మి వెళ్లి ఏడిళ్లలోంచి బయటపడ్డ ఎలక్ట్రాన్ చిటికి. కంసాలి కొలిమి మీద లేచే పొగలో తిరుగుతుండేది. ఓ క్షణం కుదురుగా ఉండడం ఆమెకి చేతకాదు. పైగా ఆకుపచ్చగా మెరిసే పచ్చవెలుగు భయం ఒకటి. కొత్తగా ఇంట్లో చేరిన ఎలక్ట్రాన్‌ని తన్ని బయట పడెయ్యడం ఆ వెలుగుకి భలే సరదా.

"ఈసారి గెంటించుకోను" అనుకుని చిటికి పరుగెత్తింది.

ముందు, ఎవరితోనూ అంతగా కలవని వాయువు జెనాన్ తాత కనిపించాడు. "తాతా, కాస్త చోటిస్తావా?" అంటూ ఆయన ఇంట్లోకి దూరి, ఆ ఊపులోనే అవతలికి వచ్చేసింది. ఎవరో వచ్చి వెళ్లారని కూడా తాతకి తెలియలేదు.

తర్వాత బంగారయ్య ఎదురయ్యాడు. బంగారు పరమాణువు, బాగా బరువైన మనిషి.

"రామ్మా రా! డెబ్బై తొమ్మిది మంది ఎలక్ట్రాన్లని పోషిస్తున్నవాణ్ణి. నువ్వొకదానివి ఎక్కువా?"

"పట్టు గట్టిదేనా, బాబాయ్?"

"నన్నే అడుగుతున్నావా ఆ మాట! ఆ మూలగది నీది. కదలకు. తొంగిచూడకు."

"కాళ్లు ఊరుకోవు, బాబాయ్."

"మంచి ఇంటి ఎలక్ట్రాన్ల కాళ్లు ఊరుకుంటాయి."

చిటికి ఒదిగి కూర్చుంది. ఊపిరాడలేదు. ఇంతలో పచ్చవెలుగు వచ్చి ఒక్క తన్ను తన్నింది. చిటికి వెళ్లి పొగలో పడింది.

"చూశావా! తిన్నగా కూర్చుంటే పడేదానివా?" అన్నాడు బంగారయ్య.

చిటికికి ఒళ్లు మండింది. "కదలకుండానే కూర్చున్నాను బాబాయ్. నీ పట్టు చాలలేదు, తప్పు నాదంటావేం?"

కొలిమి గోడ మీది మసిలోంచి నవ్వులు వినిపించాయి. అక్కడ అరవై మంది కర్బన అక్కచెల్లెళ్లు, ఒక్కొక్కరూ ముగ్గురి చేతులు పట్టుకుని, గుండ్రంగా బంతిలా నిలబడి ఉన్నారు.

"ఆ మసిమొహాల దగ్గరికా?" అన్నాడు బంగారయ్య, చిటికి అటు తిరగడం చూసి.

చిటికి వినలేదు. దూసుకెళ్లి ఢీకొంది. అంతే విసురుగా ఎగిరి ఇవతల పడింది.

"ఏమే, అంత పరుగు దేనికి?" అంది పెద్దక్క.

"తన్నేవాళ్లుంటే పరుగెత్తనా?"

"ఎంత జోరుగా వస్తే అంత జోరుగా పోతావు. వేగం కాస్త కాస్త తగ్గించుకుంటూ వచ్చి తగిలి చూడు. ఏ వేగంలో వస్తే ఎక్కువసేపు నిలవగలుగుతావో, అదే మా పట్టుకి కొలత. మా మాట నమ్మకు, నువ్వే చూసుకో."

చూసుకోమని ఇంతవరకూ ఏ ఇల్లూ అనలేదు. చిటికి మళ్లీ తగిలింది, జారింది. వేగం తగ్గించి మళ్లీ తగిలింది. ఈసారి కాసేపు నిలిచింది. మరోసారి తగిలి అడిగింది:

"ఇప్పుడెంతసేపు ఉన్నాను?"

"ఇంకా ఉన్నావుగా!" అని అరవై మందీ నవ్వారు.

"మరి నా మూలగది ఏది?"

"మూలలెక్కడివే గుండ్రటి ఇంట్లో? అరవై మంది దగ్గరా తిరుగు."

చిటికి తిరిగింది. పచ్చవెలుగు వచ్చి తన్నింది. చిటికి ఊగింది కానీ ఊడలేదు. మళ్లీ తన్నింది. ఊహూఁ.

"బయటికి రావేం?" అంది పచ్చవెలుగు, రొప్పుతూ.

"నీ బలం చాల్లేదు. నీకంటే బలమైన నీలివెలుగుని పిలుచుకురా, అప్పుడు చూద్దాం!"

పొగలో తిరుగుతున్న మిగతా ఎలక్ట్రాన్లకి వినబడేలా చిటికి అరిచింది: "గొప్పలు నమ్మకండర్రా! నెమ్మదిగా వెళ్లి తగిలి చూడండి!"

"నన్ను కూడానా?" అన్నాడు బంగారయ్య, కాస్త చిన్నగొంతుతో.

"ముందు నిన్నే, బాబాయ్."

అప్పటినుంచే ఏ ఇంటి పట్టు ఎంతో ఎలక్ట్రాన్ వెళ్లి తగిలి చూస్తే తెలుస్తోంది. అలా తగిలి చూసినప్పుడల్లా బంగారయ్య పట్టు కంటే మసిబంతి పట్టే గట్టిదని తేలుతోంది. ఆ ఇంట చేరిన ఎలక్ట్రాన్ ఇవాళ్టికీ ఒక్కచోట కూర్చోదు. అరవై గుమ్మాలూ తిరుగుతూనే ఉంటుంది.