కందిలి మోసే కూలి

దస్తగిరి కోపం తగ్గలేదు. ఎండాకాలమంతా కూర్చుని, వెదురు ఈనెలు చీల్చి, పల్చటి అభ్రకపు రేకులు అతికించి అతనొక కందిలి చేశాడు. నిలబెడితే మనిషి నడుము దాకా వస్తుంది. కొండ అవతలి దర్గాలో ఉరుసుకు అది వెలగాలి. దాన్ని నెత్తిన పెట్టుకుని కనుమ దాటించడానికి ఓబులేసు తూమెడు జొన్నలు అడిగాడు.

"తూమెడా! చేసిన నాకే ఎవరూ అంత ఇయ్యలేదు," అని దస్తగిరి గురువు దగ్గర మండిపడ్డాడు. "వాడు చేసేదేముంది బాబా? నడుస్తాడు. నడవడం ఎవరికి రాదు? రేపు ఉప్పుబండి ఆ దారినే పోతుంది. దోసెడు గింజలిచ్చి దాని మీద పడేస్తా."

మోసేవాడి కూలి దగ్గరే అందరికీ పొదుపు గుర్తొస్తుంది.

ఓబులేసు గుమ్మంలోనే ఉన్నాడు. "పడెయ్యి సాయిబూ. బండి కనుమ దిగేసరికి ఉప్పేదో అభ్రకమేదో నువ్వే ఏరుకుందువు," అన్నాడు.

బాబా నవ్వి లేచాడు. కందిలి ఎత్తి దస్తగిరి నెత్తిన పెట్టాడు.

"నడవక్కర్లేదు బేటా. ఊరికే నిలబడు. నీళ్లు తోడుకొస్తా."

దస్తగిరి రెండు చేతులతో కందిలిని పట్టుకున్నాడు. బరువేం లేదు. అంతలో గాలి వీచింది. రేకులు గలగలమన్నాయి. అతను ఊపిరి బిగపట్టాడు. నుదుటి మీది చెమట జారి కంట్లో పడింది. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. ఒక ఈగ వచ్చి ముక్కు మీద వాలింది. ఉఫ్ అని ఊదాడు. అది లేచి మళ్లీ అక్కడే వాలింది. ఆ ఊపుకే రేకులు మళ్లీ గలగలమన్నాయి.

"బాబా! తొందరగా రండి!"

"చేద అందడం లేదు బేటా!" అని బావి దగ్గర్నుంచి కేక.

ఓబులేసు దగ్గరికొచ్చాడు. "ముక్కు గోకమంటావా?"

దస్తగిరి పళ్లు కొరికాడు. ఈగ పైపెదవి మీదికి దిగింది.

"గోకు."

ఓబులేసు ఈగను తోలి, మెల్లగా గోకాడు. తన తువ్వాలుతో అతని కళ్లు కూడా తుడిచాడు.

"ఇంకొంచెం కుడిపక్క," అన్నాడు దస్తగిరి. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే రేకులు కదుల్తాయని ఇద్దరూ ఆపుకున్నారు.

బాబా వచ్చి కందిలి దించాడు. ఒక్క రేకూ ఊడలేదు. దస్తగిరి మెడ నిమురుకుంటూ అడిగాడు.

"కనుమలో ఈగలుంటాయా అన్నా?"

"ఈగలా? తేనెటీగలు."

"అవి వాలితే ఏం చేస్తావు?"

"కుట్టించుకుంటా. ఏం చెయ్యను? రెండు చేతులూ నీ కందిలి మీదే ఉంటాయి కదా."

దస్తగిరి లోపలికి పోయి తూమెడు జొన్నలూ తెచ్చాడు. తన పైగుడ్డ మెత్తగా చుట్ట చుట్టి ఓబులేసు నెత్తిన పెట్టి, దాని మీద కందిలి నిలిపాడు. తర్వాత వేపమండ ఒకటి విరిచి చేత పట్టుకుని అతని పక్కన నడిచాడు.

"నువ్వెక్కడికి బేటా?" అని బాబా అడిగాడు.

దస్తగిరికి వినిపించలేదు. అతని చూపంతా ఓబులేసు ముఖం మీదే ఉంది. అక్కడ ఒక ఈగ వాలబోతోంది.