పళ్ల డాక్టరూ, గడ్డం స్వామీ

సాయంత్రం సత్సంగంలో ఎవరేమడిగినా విమలానందస్వామి వెంటనే బదులివ్వరు. ముందు అడిగినవాళ్ల ముఖం పరకాయించి చూస్తారు. ఆ రోజు శిష్యురాలు హైమవతి అడిగినదానికి ఆయన బదులు కంటే ముందు చుట్టుపక్కల నవ్వులు వినిపించాయి.

"స్వామీ, పిల్లల్ని మొదటిసారి పళ్ల డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్లాలి?"

మోక్షం సంగతి తేల్చుకుందామని వచ్చిన పెద్దమనుషులకు అది మరీ చిన్న ప్రశ్న. పంటిపోటుతో ఏడ్చే పిల్లను భుజాన వేసుకుని తిరిగి ఉంటే వాళ్లకా నవ్వు వచ్చేది కాదు. పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోయేవే అని అత్తగారన్న మాట పట్టుకుని హైమవతి ఇన్నాళ్లూ ఊరుకుంది. తీరా దవడ వాచాక ఆ ఉదయం నాలుగేళ్ల కూతురు లహరిని తీసుకెళ్తే, అది నోరు తెరిస్తే ఒట్టు. పైగా తెరిపించబోయిన డాక్టరు వేలు కొరికింది. రేపు మళ్లీ రమ్మన్నారు. రేపు మాత్రం తెరుస్తుందా? ఒడిలో ఉన్న చంటివాడికీ అప్పుడే రెండు పళ్లు వచ్చాయి. వీడితోనూ ఇదే అవస్థ పడాలేమోనని ఆమె బెంగ.

స్వామి అరటిపండు ఒలిచి, "రా తల్లీ" అంటూ లహరి వైపు చాచారు.

ఆ పిల్ల చటుక్కున తల్లి కొంగు చాటున దూరింది. "అమ్మా, అన్నం తినేస్తానే. నన్ను సంచిలో వేసుకోవద్దని చెప్పవే."

హైమవతికి తల కొట్టేసినట్టయింది. అన్నం తినకపోతే గడ్డం స్వామి సంచిలో వేసుకుపోతాడని ముద్దముద్దకీ బెదిరించింది తనే. చాక్లెట్లు తింటే పళ్ల డాక్టరు పట్టకారుతో పీకేస్తాడన్నదీ తనే. ఈసారి ఎవరూ నవ్వలేదు. పిల్లల్ని పెంచినవాళ్లంతా తలా ఒక దిక్కు చూస్తూ కూర్చున్నారు.

ఈలోగా చంటివాడు ఒడిలోంచి జారి, పాక్కుంటూ వెళ్లి, స్వామి మోకాలు పట్టుకుని నిలబడ్డాడు. గడ్డం గుప్పిట పట్టి లాగాడు. స్వామి వేలితో చిగుళ్లు తడిమితే నోరు ఇంత చేసి నవ్వాడు. కొంగు చాటు నుంచి లహరి ఒక కన్ను బయటపెట్టి తమ్ముణ్ణి చూస్తోంది.

"క్షమించండి స్వామీ" అంది హైమవతి.

ఆయన నొచ్చుకోలేదు, గడ్డమూ విడిపించుకోలేదు.

"రేపు డాక్టరుకి ముందు వీణ్ణి చూపించమ్మా, పెద్దది పక్కన నిలబడి చూస్తుంది. వీడికి నా కథే ఇంకా చెప్పినట్టు లేదు. ఆయన కథా చెప్పి ఉండవు."