దివాను గారి ఏనుగు ఆగిన గుమ్మం

నమ్మనివాళ్లుంటే మీసం తిప్పి ముందుకు రండి, చూస్తాను!

మహాకవి పుట్టిన పూరింటిని, ఆయన పుట్టిననాడు ఎలా ఉందో అలాగే ఎప్పటికీ జనం చూసేందుకు ఉంచాలని దివాను చాటింపు వేయించాడు. అందులో కాపురముంటున్న ముసలి మంత్రసాని నాంచారమ్మను వెళ్లగొట్టడానికి ఏనుగెక్కి తానే వచ్చాడు. ఆమెకా ఆ గూడు తప్ప దిక్కులేదు. గుమ్మానికి వేపమండలు కట్టి, కొండలు అదిరేలా కేకేసింది.

"ఆగండి దొరా! పుట్టిననాటిలాగే ఉండాలన్నది తమరే కదా? ఆనాడు ఇది పురుటిల్లు. కాలు పెడితే తమరికి మైల!"

"పదకొండో రోజుకి పోతుందిలేవే!"

"ఎలా పోతుంది? తమరి చాటింపుతో ఇక్కడ ఎప్పటికీ మొదటి రోజే. పురుటింట్లో మంత్రసాని లేకపోతే ఎలా మరి?"

మడికి ప్రాణమిచ్చే దివాను ఏనుగు దిగనే లేదు. అబద్ధమంటారా? ఆ ఏనుగును వెనక్కి తిప్పిన మావటి గజ్జెల కోటయ్యను అడగండి!