పొయ్యికి దణ్ణం

గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో పాపయ్యస్వామికి ఒక అలవాటు ఉండేది. మధ్యాహ్నం భోజనానికి కూర్చునే ముందు ఆయన వంటింటి గుమ్మం దాకా వెళ్ళి నిలబడేవారు. వంట చేసే అంకమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, రెండు అరచేతులూ చాపి చూపించేది. ఆయన వాటిని కాసేపు చూసి, తల ఊపి, వచ్చి విస్తరి ముందు కూర్చునేవారు. ఇది ఏ శాస్త్రంలో ఉందో ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చిన భక్తులు కొందరు అదేదో సాధన కాబోలనుకుని తమ ఇళ్ళలో కూడా మొదలుపెట్టి, భార్యల చేత చీవాట్లు తిన్నారు.

ఆయన శిష్యుల్లో కోదండపాణి ఒకడు. కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా ముప్పయ్యేళ్ళు పనిచేసి, రిటైరయ్యాక ఆశ్రమం చేరాడు. కొలత లేకుండా అడుగు వెయ్యని మనిషి. పదేళ్ళుగా వైరాగ్యం నేర్చుకుంటున్నాడు గానీ, గోడకు కొట్టిన మేకు కాస్త వంకరగా కనబడితే ఆ పూట అతనికి ధ్యానం కుదిరేది కాదు. ఆ ఏడు ఒక భక్తుడు ఆశ్రమానికి కొత్త వంటిల్లు కట్టించి ఇచ్చాడు. గోడలు లేచాయి, గట్టు మీద నల్లరాయి పరిచారు. ఇక పొయ్యి ఒక్కటే మిగిలింది. ఏ రకం కావాలో సాయంత్రంలోగా చెప్పమని ఆ భక్తుడు కబురు పెట్టాడు.

కోదండపాణి అప్పటికే వారం రోజులు కూర్చుని ఒక పెద్ద కాగితం తయారుచేసి ఉన్నాడు. గ్యాస్ పొయ్యి ఒక వరుస. పొయ్యి కాకుండా గిన్నె మాత్రమే వేడెక్కే ఇండక్షన్ పొయ్యి ఒక వరుస. గాజుపలక కింద తీగలు ఎర్రబడి కాగే కరెంటు పొయ్యి ఒక వరుస. ఏది తొందరగా కాగుతుంది, ఏది తుడవడం తేలిక, ఏ గిన్నెలు పనికొస్తాయి, కరెంటు పోతే ఏం గతి, సిలిండరు అయిపోతే ఏం గతి, ఇలా పద్నాలుగు గడులు గీసి, అన్నీ నింపాడు. భోజనాల వేళకు కాస్త ముందు ఆ కాగితం పట్టుకుని స్వామి దగ్గరకు వచ్చాడు.

"స్వామీ, మన వంటింటికి ఏ పొయ్యి మంచిదంటారు? నాకైతే గాజుపలకదే నచ్చింది. మంట లేదు, మసి లేదు, తుడిస్తే అద్దంలా ఉంటుంది. మీరు ఒక్క మాట సెలవిస్తే కబురు పంపించేస్తాను."

స్వామి కాగితం అందుకుని పద్నాలుగు గడులూ చదివారు. చదువుతున్నకొద్దీ ఆయన ముఖం వాడిపోయింది. తను ఎక్కడో లెక్క తప్పానని కోదండపాణి కంగారుపడ్డాడు. స్వామి కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుని, "కూర్చో నాయనా" అన్నారు. ఆయన చెప్పింది ఇది.

ఒంగోలులో ఒక అక్కా తమ్ముడూ ఉండేవారు. అక్క పేరు అలివేలు. తల్లి పోయేనాటికి ఆమెకు పదమూడేళ్ళు, తమ్ముడికి నాలుగు. తండ్రి ఉన్నా లేనట్టే. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే "వీడికి అన్నం ఎవరు పెడతారు?" అనేది. అలా అనగా అనగా ఆ మాట ఎత్తేవాళ్ళే లేకుండా పోయారు. పెళ్ళిళ్ళకూ సీమంతాలకూ పిండివంటలు చేసి తమ్ముణ్ణి చదివించింది. అతను కాలేజీలో పాఠాలు చెప్పేవాడయ్యాడు. అతనికీ పెళ్ళి కుదరలేదు. కుదరలేదన్న దిగులు కూడా లేదు, ఇంట్లో అక్క ఉంది కదా.

ఏళ్ళ తరబడి కట్టెల పొగ తిని తిని ఆమె చూపు మందగించింది. ఆపరేషన్ చేయించినా కళ్ళకు ఎప్పుడూ మంచు పట్టినట్టే ఉండేది. అయినా వంటకు లోటు రాలేదు, ఎందుకంటే ఆమె కళ్ళతో కాదు, చేతులతో వండేది. అరిసెల పాకం చుక్క నీళ్ళలో వేసి వేళ్ళతో నొక్కి చూసి, ఇంకో పొంగు రావాలనేది. ఉప్పు పిడికిట్లోనే ఆమెకు తెలిసిపోయేది. పొద్దున పొయ్యికి పసుపూ బొట్టూ పెట్టేది. వంట ముగిశాక కళ్ళు మూసుకుని, రెండు అరచేతులూ పొయ్యికి ఆనించి, ఆ చేతులు కళ్ళకద్దుకునేది. కట్టెల పొయ్యి ఉన్నప్పుడు మట్టిగట్టుకు, గ్యాస్ వచ్చాక ముందరి స్టీలు అంచుకు. ఒక్కపూట కూడా తప్పింది లేదు.

తమ్ముడు కొత్త ఇల్లు కట్టాడు. ఇంట్లో ఏది ఎలా ఉన్నా అక్క వంటిల్లు మాత్రం రాజభవనంలా ఉండాలని అతని పట్టుదల. రెండు నెలలు దుకాణాల చుట్టూ తిరిగాడు. తోటి లెక్చరర్లను అడిగాడు, వాళ్ళ భార్యలను అడిగాడు, అమ్మేవాణ్ణి అడిగాడు, బిగించేవాణ్ణి అడిగాడు. ఇండక్షన్ పొయ్యి మీద అక్క ఇత్తడి గిన్నెలు కాగవని వదిలేశాడు. గ్యాస్ పొయ్యి అందరి ఇళ్ళలోనూ ఉండేదే గదా అని దాన్నీ వదిలేశాడు. చివరికి గాజుపలక పొయ్యి తెచ్చాడు. అక్కకు ముందుగా చెబితే ముచ్చట తీరదని, చెప్పలేదు.

బిగించిన రోజు ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, చల్లటి పలక మీద ఆ చెయ్యి పెట్టించాడు. "చూడక్కా, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకటే పలక. ఎక్కడా అంచు లేదు, గంటు లేదు."

"నున్నగా ఉందిరా. మంటేది?"

"మంటుండదక్కా. అదే దీని గొప్ప."

"మంట లేకపోతే వెలిగిందో ఆరిందో ఎట్టా తెలుస్తుందిరా నాకు?"

"ఇదుగో, వేడిగా ఉన్నంతసేపూ ఇక్కడ ఎర్ర దీపం వెలుగుతుంది. ఆ, ఇంకోమాట, దీనికి పసుపూ అవీ పూయకు. మరక పడితే పోదట."

ఆ దీపం కందిగింజంత ఉంటుంది. ఆమె కంటికి అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఆ సంగతి తమ్ముడికి తెలియనిదేం కాదు. తెలిసినదాన్ని ఆ నిమిషంలో తలుచుకోలేదు, అంతే. ఆమె సరేనంది. తమ్ముడు ఏం చెప్పినా ఆమె సరేననేది.

గృహప్రవేశం నాడు ఇల్లంతా చుట్టాలు. ఆమె పరమాన్నం వండింది. అది కాగానే తమ్ముడే పొయ్యి ఆపి, గిన్నె దించి, అందరికీ చూపించడానికి హాల్లోకి పట్టుకెళ్ళాడు. పలక కింద ఎరుపు ఆరిపోయి మళ్ళీ నల్లబడింది. చూడ్డానికి మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది, కందిగింజంత దీపం మాత్రం ఇంకా వెలుగుతోంది. వంటింట్లో ఆమె ఒక్కతే మిగిలింది. వంట ముగిసింది గనక కళ్ళు మూసుకుని, వంగి, రెండు అరచేతులూ పలక మీద నిండుగా ఆనించి దణ్ణం పెట్టింది.

ఆమె కేక వెయ్యలేదు. ఇంటినిండా జనం, శుభమా అని గృహప్రవేశం. బియ్యం కడిగిన నీళ్ళ గిన్నెలో చేతులు ముంచుకుని నేలమీద కూర్చుంది. హాల్లోంచి తమ్ముడు, "అక్కా, ఎట్టా ఉంది పొయ్యి? వీళ్ళందరికీ చెప్పు!" అని కేకేశాడు. "బంగారంలా ఉందిరా" అని జవాబొచ్చింది. అందరూ నవ్వారు, అతను అందరికంటే ఎక్కువ నవ్వాడు.

చేతులకు పాత చీరముక్కలు చుట్టుకుని, వాతం నొప్పులని చెప్పింది. బొట్టు పెట్టకుండా వెలిగించినందుకు అగ్నిదేవుడికి కోపం వచ్చిందని ఆమె అనుకుంది. ఆ మాట పైకంటే తమ్ముడి మనసు కష్టపడుతుందని నోట్లోనే దాచుకుంది. ఆ గుడ్డల చేతులతోనే అయిదు రోజులు వండిపెట్టింది. ఉప్పు చేతికి తెలియలేదు. కూరలో ఒకరోజు ఉప్పు కషాయం, ఒకరోజు అసలే లేదు. నాలుగోరోజు అతను కంచం పక్కకు నెట్టి, "ఏంటక్కా, పొయ్యి మారితే చేతి రుచి కూడా మారిపోయిందా?" అన్నాడు. వేళాకోళంగానే అన్నాడు. ఆమె కూడా నవ్వి, గుడ్డల చేతులు కొంగులో పెట్టుకుంది.

ఆమెకు చక్కెర జబ్బు ఉంది. ఆరోరోజు జ్వరంతో లేవలేకపోయింది. దగ్గరకు వెళితే వాసన వచ్చింది. అప్పుడు విప్పి చూశాడు. ఆసుపత్రిలో కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు. ఎడమచెయ్యి ఉంచారు గానీ, వేళ్ళు ముడుచుకుపోయి ఇక తెరుచుకోలేదు.

మంచం పక్కన కూర్చుని అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఎందుకు చెప్పలేదక్కా? ఆ రోజే చెబితే ఏం పోయేది?"

ఆమె అతని ముఖం ఉన్నవైపు తిరిగింది. "నువ్వు అడగలేదుగా నాయనా" అంది. నిష్ఠూరంగా అనలేదు. ఏం కూర వండాలో అడిగినంత మామూలుగా అంది. నిష్ఠూరంగా అని ఉంటే అతను ఏదోవిధంగా ఓర్చుకునేవాడేమో.

ఆ తర్వాత ఆమె ఎనిమిది నెలలు బతికింది. తమ్ముడే వండేవాడు, తమ్ముడే తినిపించేవాడు. పప్పు మాడ్చేవాడు, ఉప్పు ఎక్కువ వేసేవాడు, ఒక్కోసారి మరిచేపోయేవాడు. ఆమె ప్రతి ముద్దా మింగి "బాగుంది నాయనా" అనేది. ఒక్కనాడూ వంక పెట్టలేదు. వంట ముగియగానే మాత్రం మంచం మీంచి, "పొయ్యికి దణ్ణం పెట్టావా?" అని అడిగేది. తనూ కళ్ళు మూసుకుని, లేని చేతినీ తెరుచుకోని చేతినీ ఎత్తి కళ్ళకద్దుకునేది. అతను వంటింటి గుమ్మంలో నిలబడి అది చూసేవాడు. చూడక తప్పేది కాదు.

స్వామి అక్కడితో ఆపారు. వసారాలో ఎవరో విస్తళ్ళు వేస్తున్న చప్పుడు వినబడుతోంది. కోదండపాణి కళ్ళు తుడుచుకున్నాడు. అయినా ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది! "అయితే స్వామీ, గ్యాస్ పొయ్యే మంచిదంటారా?" అని అడిగాడు.

స్వామి లేచి, రోజూ లాగే పాత వంటింటి వైపు నడిచారు. కాగితం ఆయన చేతిలోనే ఉంది గనక కోదండపాణి కూడా వెంట నడవాల్సి వచ్చింది. పదేళ్ళలో అతను ఆ గుమ్మం దాకా రావడం అదే మొదటిసారి. అక్కడ అంకమ్మ అట్లకాడతో వంకాయ వేపుడు కలుపుతోంది, ఎడమచేత్తో. అతను ఉలిక్కిపడ్డాడు. కొత్త గట్టు మీద గంటెలూ డబ్బాలూ స్విచ్చులూ అన్నీ కుడిచేతికి అందేట్టు తనే దగ్గరుండి అమర్పించాడు. పదేళ్ళు ఆమె చేతి వంట తిన్నాడు, అది ఏ చెయ్యో చూడలేదు.

అంకమ్మ చేతులు తుడుచుకుని చాపింది. "ఏంది సామీ, రోజూ చూస్తావు. నా చేతులు యాడికి పోతాయి?" అంది నవ్వుతూ.

స్వామి నవ్వలేదు. రెండు అరచేతులూ రోజూ కంటే ఎక్కువసేపు చూశారు. చూస్తూనే కాగితాన్ని వెనక్కి కోదండపాణికి అందించారు. అతను దాన్ని పట్టుకుని తడబడుతూ ముందుకు జరిగాడు.

"అంకమ్మా, నీకు ఏ పొయ్యి అయితే బాగుంటుంది?"

ఆమె ముందు నవ్వబోయింది. అతను నిజంగానే అడుగుతున్నాడని తెలిసి నవ్వు మానేసింది. "నన్నా అయ్యా?" అంది. తర్వాత, ఎప్పటినుంచో లోపల పెట్టుకున్న మాటలా మెల్లగా చెప్పింది. "మంట కంటికి అగుపడాల. కుడిచెవి ఇనపడదు నాకు, సప్పుడు చేసి చెప్పేది పనికిరాదు. కాస్త దించి పెట్టిస్తే భుజం నొప్పెట్టదు. అంతే."

ఆ మూడింటిలో ఒక్కటి కూడా పద్నాలుగు గడుల్లో లేదు. కోదండపాణి కాగితం వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు ఆమె చెప్పిన మూడు మాటలూ రాసుకున్నాడు. రాయడం అయ్యాక స్వామి వైపు తిరిగాడు.

"ఆ తమ్ముడు తర్వాత ఏమయ్యాడు స్వామీ?"

స్వామి అంకమ్మ చేతుల మీంచి కళ్ళు తిప్పలేదు.

"ఏమవుతాడు నాయనా. అడగడం నేర్చుకున్నాడు. ఆలస్యంగా."